వెయ్యికి మించిన ఆడవారు, ఊళ్లో లేని మగవారు: శ్రీకాకుళం జనాభా లెక్కలను వయసుల వారీగా చదవడం

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114. అందులో పురుషులు 13,41,738 మంది, స్త్రీలు 13,61,376 మంది. ప్రతి వెయ్యిమంది మగవారికి 1,015 మంది ఆడవారన్న మాట. ఆ ఏడాది దేశం మొత్తానికి ఈ నిష్పత్తి 943, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 993. పదేళ్ల ముందు, 2001లో కూడా శ్రీకాకుళం అంకె 1,014. ఇలాంటి అంకె కనబడగానే ఆ జిల్లాలో ఆడపిల్లను బాగా చూసుకుంటారని, అక్కడ స్త్రీకి విలువ ఎక్కువని అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ మాట నిజం కావాలని నాకూ ఉంది. కానీ వందేళ్లకు పైబడిన జనగణన పట్టికలను వయసుల వారీగా విడదీసి చూస్తే ఈ అంకె చెప్పే కథ వేరుగా ఉంటుంది. అందులో ఎక్కువ పాలు, లెక్క రాసిన రోజున ఊళ్లో లేని మగవారిది.

ఒక గ్రామీణ జిల్లా జనాభాలో ఏ వయసువారు ఎందరు, వారిలో ఆడవారెందరు, మగవారెందరు అన్నది పైకి చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. అయితే జననాలు, మరణాలు, వలసలు మూడూ కలిసి ఆ అంకెలను మలుస్తాయి. వాటి మీద లెక్క రాసే పద్ధతిలోని లోపాలు నాలుగో పొరగా పేరుకుంటాయి. ఈ నాలుగింటినీ విడదీయనిదే ఏ ఒక్క అంకెనూ నమ్మడానికి వీల్లేదు.

ముందు ప్రకృతి సంగతి చూద్దాం. ఎక్కడైనా ఆడపిల్లల కంటే మగపిల్లలు కొద్దిగా ఎక్కువ పుడతారు. నూరుమంది ఆడశిశువులకు దాదాపు 105 మంది మగశిశువులు అన్నది సాధారణంగా కనబడే లెక్క. దాన్ని మన దేశంలో వాడే కొలతలోకి మార్చితే వెయ్యిమంది మగశిశువులకు సుమారు 950 మంది ఆడశిశువులు అవుతారు. ఆ తర్వాత, ఆదరణ సమానంగా ఉన్నచోట, ప్రతి వయసులోనూ మగవారి మరణాలే కొంచెం ఎక్కువగా ఉంటాయి కాబట్టి వయసు పెరిగేకొద్దీ తేడా తగ్గుతూ వచ్చి, ముసలితనంలో ఆడవారు ఎక్కువవుతారు. బాల్యంలో 950కి దగ్గరగా మొదలై, నడివయసులో సమానమై, వార్ధక్యంలో వెయ్యి దాటే రేఖ ఆరోగ్యకరమైన సమాజానికి గుర్తు. మన దేశపు పాత లెక్కల్లో ఆ రేఖ అలా నడవలేదు. కాన్పుల్లో చనిపోయే తల్లులు, తిండిలోనూ వైద్యంలోనూ వెనక్కు నెట్టబడిన ఆడపిల్లలు దాన్ని కిందికి లాగారు. 1901లో దేశవ్యాప్తంగా 972గా ఉన్న నిష్పత్తి 1911లో 964కు, 1921లో 955కు, 1931లో 950కి, 1941లో 945కు దిగింది. అదే కాలంలో, తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గా ఏర్పడిన ప్రాంతంలో 985, 992, 993, 987, 980గా నమోదైంది. దేశం అంకె ఏకధాటిగా జారుతుంటే తెలుగు ప్రాంతపు అంకె మొదట పెరిగి తర్వాత తగ్గింది. ఈ తేడాను ఒక్క కారణంతో వివరించడం కుదరదు. కోస్తా ఉత్తర భాగంలో మాత్రం వలస చాలా పెద్ద పాత్ర పోషించింది.

వలస నిష్పత్తిని ఎంత సులువుగా కదిలిస్తుందో తెలియడానికి ఒక ఊహా గ్రామాన్ని తీసుకుందాం. ఆ ఊళ్లో వెయ్యిమంది మగవారు, వెయ్యిమంది ఆడవారు ఉన్నారు. ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపువారు ఆ వెయ్యిలోనూ ఈ వెయ్యిలోనూ చెరి మూడువందలు. ఆ వయసు మగవారిలో ఐదుగురికి ఒకరు చొప్పున, అంటే అరవైమంది, పని కోసం వేరే చోటికి వెళ్లారు. లెక్క రాసే రోజున ఊళ్లో మిగిలిన మగవారు 940 మంది. ఒక్క ఆడపిల్ల అదనంగా పుట్టకపోయినా, ఒక్క తల్లి అదనంగా బతకకపోయినా, ఊరి నిష్పత్తి 1,000 నుంచి 1,064కు ఎగబాకుతుంది. వయసుల వారీగా చూస్తే పిల్లల్లోనూ వృద్ధుల్లోనూ ఏ మార్పూ ఉండదు. ఇరవై నుంచి నలభై మధ్య వయసులో మాత్రం 240 మంది మగవారికి 300 మంది ఆడవారు, అంటే 1,250. మొత్తం అంకెలో 64గా కనబడిన తేడా ఒక్క వయసు మెట్టులో 250గా బయటపడుతుంది. వలసను గుర్తుపట్టే ఆనవాలు ఇదే: నడుమ వయసులో ఒక్కసారిగా ఉబ్బిన నిష్పత్తి, దానికి రెండు వైపులా మామూలు అంకెలు. ఆడవారి ఆరోగ్యం మెరుగుపడి నిష్పత్తి పెరిగిన చోట ఆ పెరుగుదల బాల్యం నుంచి వృద్ధాప్యం దాకా పరుచుకుని ఉంటుంది.

రంగం వెళ్లినవారు

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పాత తరం వాళ్ల నోట బర్మాలోని రంగూన్ పేరు 'రంగం'. కరువు వచ్చినా, అప్పు పెరిగినా, అన్నదమ్ముల మధ్య భూమి చాలకపోయినా మగవాడు రంగం వెళ్లేవాడు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్ రేవుల నుంచి ఓడలు బంగాళాఖాతం దాటించేవి. అక్కడ రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, ఐరావతీ డెల్టాలో వరికోతలు. మనుషులను పోగుచేసి, దారిఖర్చు అప్పుగా ఇచ్చి, కూలిలో కోసుకునే మేస్త్రీల చేతుల మీదుగా ఈ రాకపోకలు నడిచేవి. గోదావరి ముఖాన ఉన్న పాత రేవు కోరంగి పేరుతోనే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. 1931 నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో ఆ నగరంలో జరిగిన అల్లర్లు తెలుగు రేవు కూలీలకూ బర్మీయులకూ మధ్య పని గురించి మొదలైనవే.

ఇక్కడ తేదీలను గమనించాలి. 1881 ఫిబ్రవరి 17, 1891 ఫిబ్రవరి 26, 1901 మార్చి 1, 1911 మార్చి 10, 1921 మార్చి 18, 1931 ఫిబ్రవరి 26: ఈ జనగణనలన్నీ చలి తగ్గి ఎండ ముదరకముందు జరిగాయి. లెక్కలు రాసేవారికి దారులు ఆరి ఉండే కాలం అది. మన ఊళ్లలో ఊడ్పులు ముగిశాక ఓడ ఎక్కిన కూలీ దిగువ బర్మాలో వరికోతలు, మిల్లుల పని చూసుకుని వేసవిలో తిరిగి వచ్చేవాడు. కాబట్టి లెక్కల రాత్రి అతను సముద్రానికి అవతలి ఒడ్డున ఉండేవాడు. 1881 నుంచి 1931 వరకు పద్ధతి ఒక్క రాత్రి లెక్క: ఆ రాత్రి మనిషి ఎక్కడుంటే అక్కడే రాస్తారు, అతని సొంతూరు ఏదన్నది పుట్టిన చోటు అనే గడిలోకి మాత్రమే వెళుతుంది. అదే లెక్కను ఆగస్టులో తీసి ఉంటే గంజాం, విశాఖపట్నం జిల్లాల ఆడ మగ నిష్పత్తి మరోలా ఉండేదని నా గట్టి అభిప్రాయం. నెలలు మారితే మారిపోయే అంకెను సమాజ స్వభావానికి కొలబద్దగా వాడకూడదు.

బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో భాగం కావడం వల్ల పరిశోధకులకు ఒక అరుదైన వెసులుబాటు దొరికింది. ఒకే రాత్రి, ఒకే ప్రశ్నావళితో, రెండు ఒడ్డుల్లోనూ లెక్క జరిగింది. ఇటు ఊళ్లలో ఖాళీగా కనబడిన మెట్టు అటు రంగూన్‌లో ఉబ్బిన మెట్టుగా కనబడుతుంది. అక్కడి తెలుగువారిలో పనిచేసే వయసు మగవారు కిక్కిరిసి ఉంటే ఆడవారు, పిల్లలు, ముసలివారు చాలా తక్కువ. 1931 తర్వాత ఆ అద్దం పగిలిపోయింది. బర్మాలో 1941లో జరిగిన లెక్కల కాగితాలు చాలావరకు యుద్ధంలో నాశనమయ్యాయి.

అన్ని వలసలూ ఒకే గుర్తు వదలవు. ఇదే ప్రాంతం నుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్లినవారిలో కుటుంబాలుగా వెళ్లినవారు ఎక్కువ. ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వంటి చోట్లకు పంపేటప్పుడు నూరుమంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలన్న నిబంధన ఉండేది. కుటుంబం మొత్తం కదిలిపోతే ఊరి ఆడ మగ నిష్పత్తి పెద్దగా మారదు, జనాభా మాత్రం తగ్గుతుంది, పసిపిల్లల మెట్టు కూడా పలచబడుతుంది. అందుకే వెయ్యికి దగ్గరగా ఉన్న నిష్పత్తిని చూసి ఆ జిల్లాలో వలస లేదనుకోవడం కూడా పొరపాటే.

పొరుగున ఉన్న ఒడిశా రాష్ట్రపు వరుస ఈ కథకు తోడుగా నిలుస్తుంది. అక్కడి కోస్తా నుంచి కలకత్తాకు, అస్సాంకు, రంగూన్‌కు మగవారు వెళ్లిన కాలంలో నిష్పత్తి 1901లో 1,037, 1911లో 1,056, 1921లో 1,086కు చేరింది. ఆ తర్వాత 1931లో 1,067, 1941లో 1,053, 1951లో 1,022, 1961లో 1,001, 1971లో 988. జపాన్ సేనలు 1942లో బర్మాలోకి చొరబడినప్పుడు లక్షలాది భారతీయులు ఓడల్లోనూ అడవిదారుల్లోనూ తిరుగుముఖం పట్టారు. దారిలోనే ప్రాణాలు వదిలినవారు ఎందరో. ఆ తర్వాత 1960ల్లో మరో విడత వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఆ రాకకు ఇప్పటికీ గుర్తుగా మిగిలింది. నిష్పత్తి తగ్గడం అన్నిచోట్లా ఆడవారి కష్టాలు పెరిగాయనడానికి సాక్ష్యం కాదు. ఈ కోస్తాలో కొంతవరకు అది మగవారు ఇల్లు చేరడం వల్ల వచ్చిన తగ్గుదల.

ఏ శ్రీకాకుళం?

చరిత్ర పట్టికల్లో శ్రీకాకుళం జిల్లాకు 1901 నుంచి వరుసగా అంకెలు కనబడతాయి. కానీ 1901లో అలాంటి జిల్లా లేదు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం కావడంతో గంజాం రెండుగా చీలి, తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి అటు వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు పాలకొండ, సీతంపేట ప్రాంతం కూడా విడిపోయింది.

ఈ మార్పులన్నింటి తర్వాత, జనగణన శాఖ పాత గ్రామాల, తాలూకాల అంకెలను కొత్త సరిహద్దుల లోపలికి కూడి వెనుకటి దశాబ్దాలకు అంకెలు తయారుచేస్తుంది. మొత్తం జనాభాకు, ఆడ మగ సంఖ్యకు ఇలా చేయడం సాధ్యమే. వయసుల వారీ అంకెలకు అది దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఆ పట్టికలు ఎక్కువగా జిల్లా స్థాయిలోనే అచ్చయ్యాయి, గ్రామ స్థాయిలో లేవు. అందుకే 1901 నుంచి 1931 దాకా ఏడో పట్టికలో వయసు, లింగం, వివాహ స్థితి వివరాలు చూడదలచినవారు గంజాం, విశాఖపట్నం జిల్లాల మొత్తాలతోనే సరిపెట్టుకోవాలి. కొండ ప్రాంతమైన ఏజెన్సీని మైదానంతో కలిపి చూడడం ఇంకా ప్రమాదకరం. సవరలు, జాతాపులు ఉండే కొండల్లో ఒక్క రాత్రిలో లెక్క పూర్తి చేయడం కుదరక చాలా రోజుల పాటు తీసేవారు. అక్కడి వలస తీరూ వేరు, వయసు చెప్పే తీరూ వేరు.

వయసు ఎంతని అడిగితే

ఇప్పుడు నాలుగో పొరకు వద్దాం. పాత జనగణన పట్టికల్లో వయసులను ఒక్కొక్క ఏడాదిగా విడదీసి గీస్తే సాఫీగా దిగే వాలు కనబడదు, దంతాల్లాంటి రేఖ కనబడుతుంది. 20, 25, 30, 40, 50, 60 దగ్గర శిఖరాలు; 29, 31, 41, 59 దగ్గర గుంటలు. ముప్పయ్యేళ్లవారు ఇరవైతొమ్మిదేళ్లవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండడం ఏ సమాజంలోనూ సాధ్యం కాదు. పుట్టిన తేదీ రాసి ఉంచుకోని మనిషి ఉరమరగా చెప్పిన వయసది. తెలుగులో ఈ ఉరమర లెక్కకు భాష కూడా సాయం చేస్తుంది. పాతిక అనే ప్రత్యేకమైన మాట ఉండడం వల్ల ఇరవై నాలుగూ ఇరవై ఆరూ రెండూ పాతికేళ్లలో కలిసిపోతాయి. యాభయ్యో పడిలో పడ్డానని ఒక ముసలమ్మ అంటే, లెక్క రాసేవాడు యాభై అని రాసుకుంటాడు.

విచిత్రమేమిటంటే, పుట్టిన ఏడాదిని గుర్తుపెట్టుకోవడానికి మన దగ్గర పకడ్బందీ పద్ధతి ఉంది. ప్రభవ, విభవ అంటూ సాగే అరవై సంవత్సరాల పేర్లు తెలిస్తే మనిషి వయసును తప్పు లేకుండా లెక్కకట్టవచ్చు. 1876-78 నాటి మహా కరువును ధాత కరువు అని పిలుచుకోవడం, 1832-33 నాటి గుంటూరు కరువుకు నందన కరువు అనే పేరు రావడం ఈ పద్ధతి వల్లే. అయితే జాతకం రాయించుకునే ఇళ్లు ఎన్ని? కూలి ఇంటి బిడ్డకు, అందులోనూ ఆడబిడ్డకు, తాటాకు మీద సంవత్సరం పేరు రాసి దాచిపెట్టినవారు తక్కువ. అలాంటి ఇంట్లో వయసును ఒక సంఘటనతో కలిపి చెప్పేవారు: ఫలానా గాలివాన నాటికి నడిచేదాన్ని, ఫలానా కరువులో మా తమ్ముడు పుట్టాడు అని. స్వాతంత్ర్యం తర్వాత లెక్క రాసేవారికి స్థానిక సంఘటనల జాబితాలు ఇచ్చి, వాటి ఆధారంగా వయసు రాబట్టమని చెప్పడానికి ఇదే కారణం.

ఈ పోగుపడడాన్ని కొలవడానికి విపుల్ సూచిక అనే లెక్క ఉంది. ఇరవై మూడు నుంచి అరవై రెండేళ్ల వరకు ఉన్నవారిలో సున్నా లేదా ఐదుతో ముగిసే వయసు చెప్పినవారు ఎందరో చూసి, ఆ సంఖ్యను ఐదుతో హెచ్చవేసి, మొత్తంతో భాగించి, నూటితో హెచ్చవేస్తారు. వయసులు నిజంగా తెలిసి చెబితే జవాబు 100కు దగ్గరగా వస్తుంది. అందరూ సున్నాలు, ఐదులే చెబితే 500 వస్తుంది. ఈ లెక్కను ఆడవారికి, మగవారికి విడిగా వేయడం మరీ అవసరం, ఎందుకంటే ఆడవారి వయసును చాలాసార్లు వారి నోటితో కాక ఇంటి మగవారి నోటితో రాసుకున్నారు.

పోగుపడడం కంటే లోతైన సమస్య వయసును ఒక వైపుకు జరపడం. పెళ్లి కావలసిన ఆడపిల్ల వయసును తగ్గించి చెబుతారు. పెళ్లయిన పిల్ల వయసును పెంచి చెబుతారు. ముసలివారి వయసు గౌరవం కోసం పెరుగుతుంది. అందువల్ల పాత పట్టికల్లో పది నుంచి ఇరవై ఏళ్ల మధ్య ఆడపిల్లల సంఖ్య అనుమానం కలిగించేంత తక్కువగా ఉంటుంది. వారిలో కొందరు అటు చిన్నపిల్లల మెట్టులోకో, ఇటు ఇరవై దాటిన ఇల్లాళ్ల మెట్టులోకో జారిపోయారు. బాల్యవివాహాలు ఎంత లేత వయసుకు దిగాయో తెలియాలంటే జనగణన పట్టికల కంటే గురజాడ కన్యాశుల్కం తొలి ముద్రణకు రాసిన ముందుమాట ఎక్కువ చెబుతుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో కన్యాశుల్కం పుచ్చుకుని జరిపిన బ్రాహ్మణ వివాహాల జాబితాను ఆయన అందులో పేర్కొన్నారు. మొత్తం 1,034 పెళ్లిళ్లలో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఒక కులానికి, ఒక జిల్లాకు పరిమితమైన ఆ చిన్న జాబితా చదివితే, జనగణనలో పదేళ్ల లోపు వితంతువులు అనే గడిలో కనబడే అంకెలకు ముఖాలు వస్తాయి. నన్నడిగితే, ఆ ముందుమాట మన ప్రాంతపు జనాభా చరిత్రలో విడిచిపెట్టకూడని పత్రం.

1931 లెక్కల దగ్గర అదనపు జాగ్రత్త కావాలి. ఆడపిల్లలకు 14, మగవారికి 18 ఏళ్లను కనీస వివాహ వయసుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. అమలుకు ముందు నెలల్లో దేశంలో చాలాచోట్ల పెళ్లిళ్లు తొందరగా జరిపించేశారు. ఏడాది తిరగకుండానే లెక్కలవారు వయసు అడిగారు. చట్టం భయం ఉన్న ఇంట్లో నిజమైన వయసు బయటికి వచ్చిందని అనుకోలేము. పైగా ఆ ఏడాది నిండిన ఏళ్లు కాకుండా, దగ్గరలో ఉన్న పుట్టినరోజు లెక్కన వయసు రాశారు. పోగుపడడాన్ని తగ్గించడానికి వయసు మెట్లను కూడా మామూలు ఐదేళ్లకు బదులు మూడేళ్లు, ఏడేళ్లు మార్చి మార్చి కూర్చి, తర్వాత మళ్లీ ఐదేళ్ల మెట్లుగా సర్దారు. 1921 పట్టికనూ 1931 పట్టికనూ పక్కపక్కన పెట్టి, పది నుంచి పదిహేనేళ్ల వారు ఇంత శాతం పెరిగారు అని తేల్చేవారు ఈ సంగతిని మరచిపోతుంటారు.

మెట్లెక్కుతూ పోయే గుంట

వయసుల పట్టికలో అబద్ధాలు ఎన్ని ఉన్నా, పెద్ద విపత్తుల గుర్తును అవి చెరపలేవు. కరువు వచ్చిన ఏడాది పుట్టేవారు తగ్గుతారు, పుట్టినవారిలో బతికేవారు తగ్గుతారు. ఆ లోటు తర్వాతి ప్రతి జనగణనలోనూ ఒక మెట్టు పైకెక్కి కనబడుతుంది. ధాత కరువుకు అన్నింటికంటే ఎక్కువగా బలైన కర్నూలు జిల్లాను తీసుకుంటే, 1871 నుంచి 1881కి జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. 1881లో ఐదేళ్ల లోపు మెట్టు కుంగింది. 1891లో అదే గుంట పది నుంచి పదిహేనేళ్ల దగ్గర, 1901లో ఇరవై పైచిలుకు దగ్గర. ఆ వయసు ఆడవారు తల్లులయ్యే కాలానికి తల్లుల సంఖ్యే తక్కువ కాబట్టి పుట్టే పిల్లల మెట్టులో కూడా పలచదనం మళ్లీ తొంగిచూస్తుంది. అలాంటి కరువుల్లో మగవారి చావులు ఆడవారి చావుల కంటే ఎక్కువగా ఉండడం అనేకచోట్ల నమోదైంది. కాబట్టి కరువు తర్వాత ఆడ మగ నిష్పత్తి పెరగడం కూడా మంచికి సూచన కానక్కర లేదు.

గంజాం, విశాఖపట్నం జిల్లాల కరువు క్యాలెండర్ వేరు. 1866లోనూ, 1888-89లోనూ గంజాం, 1896-97లో ఈ రెండు జిల్లాలూ బాధపడ్డాయి. రాయలసీమకు వర్తించే గుంటలను ఇక్కడ వెతికితే దొరకవు. ఇక్కడి గుంటలు ఇక్కడి ఏళ్లలోనే ఉంటాయి.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మాత్రం ఎవరినీ వదలలేదు. దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన ఆ జబ్బు పసివారిని, ముసలివారిని మాత్రమే కాకుండా, నిండు యవ్వనంలో ఉన్నవారిని పొట్టనబెట్టుకుంది. ఆడవారిలో, ముఖ్యంగా గర్భిణుల్లో, మరణాలు మగవారి కంటే ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో 1911లో 2,14,47,412గా ఉన్న జనాభా 1921లో 2,14,20,448కి తగ్గింది. పదేళ్లలో కోట్లమందిలో పాతికవేల పైచిలుకు తగ్గుదల చిన్నదిగా కనబడుతుంది గానీ, అంతకుముందు పదేళ్లలో అదే ప్రాంతంలో 23 లక్షలకు పైగా పెరిగారు. అలాంటి పెరుగుదల ఈ పదేళ్లలో మొత్తం ఆవిరైందన్న మాట. ఆశ్చర్యం ఏమిటంటే నిష్పత్తి 992 నుంచి 993కు చేరింది, అంటే కదలనట్టే. ఆడవారిని ఎక్కువగా తీసుకుపోయిన జబ్బు అంకెను కిందికి లాగాలి; ఊళ్లలో మగవారు లేకపోవడం దాన్ని పైకి నెట్టాలి. కదలని అంకె వెనుక ఇలా ఎదురెదురుగా నెట్టుకునే రెండు బలాలు ఉండవచ్చు. వాటిని విడదీసి చూపగలిగేది వయసుల పట్టిక ఒక్కటే.

ఆ పట్టికే 1941కి లేదు. యుద్ధం వల్ల ఖర్చు తగ్గించి, వయసు వివరాలను జిల్లాల వారీగా కూర్చనే లేదు. 1931లో మద్రాసు లెక్కలకు, 1941లో దేశం మొత్తం లెక్కలకు అధిపతిగా ఉన్న యీట్స్ భవిష్యత్తు కోసం, మనిషికొకటిగా వివరాలు రాసిన చీటీల్లో ప్రతి యాభైకి ఒకటి చొప్పున భద్రపరిచే ఏర్పాటు చేశారు. రాష్ట్ర స్థాయి అంచనాలకు ఆ రెండు శాతం నమూనా కొంత పనికివచ్చింది గానీ ఒక జిల్లా వయసు చిత్రానికి చాలదు. 1951లో వయసు వివరాలను పది శాతం నమూనాతో తయారుచేశారు. కాబట్టి 1931 చిత్రానికీ 1961 చిత్రానికీ మధ్య ఉన్న ముప్పై ఏళ్లలో, సరిగ్గా బర్మా నుంచి జనం తిరిగివచ్చిన కాలంలో, మన చూపు మసకబారుతుంది. ఈ నష్టం నన్ను నిజంగా బాధపెడుతుంది. అడవుల్లో నడిచి వచ్చిన ఆ తరం ఏ వయసుల్లో ఇల్లు చేరిందో, ఎన్ని ఇళ్లలో ఆ మెట్టు ఎప్పటికీ పూడలేదో జిల్లా పట్టికల్లో వెతికి చెప్పే దారి మూసుకుపోయింది.

ఇప్పటి అంకెకు తిరిగివస్తే

2011లో మళ్లీ అదే ప్రశ్న: 1,015 దేనికి గుర్తు? ఇప్పుడు ఆడవారు మగవారి కంటే ఎక్కువ కాలం బతుకుతున్నారు, వృద్ధుల వాటా పెరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో అరవై దాటినవారు 9.8 శాతం, దేశం సగటు 8.6 శాతం. కాబట్టి 1,015లో కొంత పాలు ముసలి తల్లులది, అది సంతోషించవలసిన భాగం. ఇంకొంత పాలు ఇప్పటికీ వలసది. జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు యువకులు వెల్డర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నారు. తీర గ్రామాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లి, వేట కాలమంతా అక్కడి పడవల మీదే గడుపుతారు. 2018 నవంబరులో పొరుగు దేశం జలాల్లోకి వెళ్లారని పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన మన మత్స్యకారులు వెరావల్ పడవల మీదివారే.

ఈ మొత్తం అంకె కప్పిపెట్టే మరో సంగతి పిల్లల మెట్టులో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 నుంచి 2011కి మొత్తం నిష్పత్తి 978 నుంచి 993కు పెరిగింది. అదే పదేళ్లలో ఆరేళ్ల లోపు పిల్లల నిష్పత్తి 961 నుంచి 939కి పడిపోయింది. 1991లో అది 975. పుట్టుకలోని సహజ నిష్పత్తి 950కి దగ్గరగా ఉంటుందని ముందు చూశాం. దాని కంటే కిందికి దిగిన 939 ప్రకృతి పని కాదు. పైమెట్లలో ఎక్కువ కాలం బతుకుతున్న తల్లులు, కిందిమెట్టులో పుట్టనివ్వని కూతుళ్లు: ఈ రెండూ ఒకే మొత్తంలో కలిసిపోయి, పెరిగిన అంకెగా బయటికి వచ్చాయి. మొత్తం నిష్పత్తిని మాత్రమే అచ్చువేసి సంబరపడిన ప్రతిసారీ ఆ కిందిమెట్టు కంటికి ఆనకుండా పోతుంది. జిల్లా గురించి రాసేవారు కనీసం మూడు మెట్లు, అంటే ఆరేళ్ల లోపు, ఇరవై నుంచి నలభై లోపు, అరవై పైన, విడివిడిగా చూపాలని నేను కోరుకుంటాను. 2011 లెక్కల్లో ఐదేళ్ల మెట్ల వారీగా వయసులు చూపే పట్టిక జిల్లాల వారీగా అందుబాటులో ఉంది కాబట్టి దానికి సాకు కూడా లేదు.

2021లో జరగవలసిన లెక్కలు జరగలేదు. తర్వాతి జనగణనకు ప్రకటించిన ఆధార తేదీ 2027 మార్చి 1. ఒక్క రాత్రి పద్ధతి పోయి చాలా కాలమైంది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇరవై రోజులు లెక్క తీశారు, ఆ రోజులన్నీ ఊళ్లో లేని మనిషిని అతను ఉన్నచోటే రాశారు. ఫిబ్రవరిలో వెరావల్ వేట ఇంకా ముగియదు. అదే నియమం కొనసాగితే కళింగపట్నం పక్క ఊళ్లలో భర్త లేని ఇంట్లో భార్య, పిల్లలు, అత్తమామలు శ్రీకాకుళం జిల్లా లెక్కలోకి వస్తారు. పడవ మీద ఉన్న మనిషి గుజరాత్ లెక్కలోకి వెళతాడు. 2011లో జునాగఢ్ జిల్లాలో ఉన్న వెరావల్ ఇప్పుడు 2013లో ఏర్పడిన గిర్ సోమనాథ్ జిల్లాలో ఉంది. శ్రీకాకుళం కొత్త నిష్పత్తి వెలువడిన రోజున, దాని పక్కన గిర్ సోమనాథ్ జిల్లా ఇరవై నుంచి నలభై ఏళ్ల మగవారి పట్టికను కూడా పెట్టుకుని చదవాలి.